ఏజెన్సీ ఓటరుకి ఏం తెలుసు? పార్వతీపురం 1957 నుంచి ఇప్పటిదాకా



ఎన్నికల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన ప్రాంతం గురించి ఒక మాట తిరుగుతుంది. టీవీ చర్చల్లో వినపడుతుంది, టౌన్ హాస్టళ్లలో వినపడుతుంది, ఒక్కోసారి చదువుకున్న మనవాళ్ల నోటి నుంచే వస్తుంది. "ఏజెన్సీ వాళ్లకి అభ్యర్థి ఎవరో తెలీదు, ఏ గుర్తు చూపిస్తే దాని మీద నొక్కేస్తారు" అని. 2019లో అరకు పార్లమెంటు స్థానంలో నోటాకి దాదాపు 48 వేల ఓట్లు పడ్డాయి. 2024లో 50 వేలు దాటాయి. రెండుసార్లూ ఇదే మాట.

ఈ మాట కొత్తదేం కాదు. మనకి ఓటు రాకముందు నుంచీ ఉంది. అప్పట్లో ఓటు ఇవ్వకపోవడానికి కారణంగా చెప్పారు, ఇప్పుడు వేసిన ఓటుని చులకన చేయడానికి చెప్తున్నారు. అందుకే దీని చరిత్ర ఒకసారి చూద్దాం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఓటరుకి ఏం తెలుసు అని అడిగే ముందు, ఓటరు దగ్గరికి ఏం చేరింది, ఎవరి ద్వారా చేరింది, ఎంత ముందు చేరింది అని అడగాలి. ఆ లెక్క తీస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

పోస్టు పెద్దదే. గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లకి కూడా పనికొస్తుంది, ఓపిగ్గా చదవండి.

ఓటు లేని రోజులు

1839లో బ్రిటిష్ వాళ్లు ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల నుంచి తప్పించి "గవర్నర్ ఏజెంట్" కింద పెట్టారు. మనం ఈరోజుకీ "ఏజెన్సీ" అంటున్నది ఆ ఏజెంట్ పేరు మీదే. 1919 చట్టంలో ఇలాంటి ప్రాంతాలని "వెనకబడిన ప్రాంతాలు" అన్నారు. 1935 చట్టంలో విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలు "పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు" అయ్యాయి. పేర్లు మారాయి గానీ అర్థం ఒకటే: ఇక్కడి జనం తమని తాము పాలించుకునే స్థితిలో లేరు, వాళ్ల తరఫున ఇంకెవరో నిర్ణయించాలి.

1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలో 215 సీట్లు. అందులో "వెనకబడిన ప్రాంతాలు, తెగలు" కోసం ఇచ్చింది ఒకే ఒక్క సీటు. జమీందార్లకి 6, వర్తక పరిశ్రమల వాళ్లకి 6. ఇక ఓటు హక్కు అందరికీ లేదు. ఆస్తి ఉండాలి, లేదా పన్ను కట్టాలి, లేదా చదువు ఉండాలి. పోడు చేసుకునే మనిషికి పట్టా ఉండదు, పట్టా లేకపోతే శిస్తు రసీదు ఉండదు, ఊళ్లో బడి ఉండదు. మూడు దార్లూ మూసుకుపోయినట్టే. మూసింది ఎవరో చెప్పరు, "వీళ్లు ఇంకా సిద్ధంగా లేరు" అంటారు.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి ఈ వాదనకి ఎదురు తిరిగారు. ఆదివాసీలకి ప్రజాస్వామ్యం నేర్పాల్సిన పని లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్న అర్థంలో ఆయన మాట్లాడారు. చాలామంది దాన్ని ఆవేశంగా అన్న మాటగా చూస్తారు. నాకు మాత్రం అందులో సూటిగా ఒక వాస్తవం కనపడుతుంది. ఊరందరూ కూర్చుని, మనిషిని ఎదురుగా పెట్టుకుని, అతని నడత తెలిసి పెద్దగా ఎంచుకునే పద్ధతి మన తెగల్లో ఉంది. అక్కడ "అభ్యర్థి గురించి తెలీదు" అనే సమస్యే రాదు. ఎన్నుకునేవాడికీ ఎన్నికయ్యేవాడికీ మధ్య వంద కిలోమీటర్ల దూరం, అర్థం కాని భాష, ఒక కాగితం వచ్చాకే ఆ సమస్య పుట్టింది.

1951-52: పెట్టె మీద బొమ్మ

రాజ్యాంగం 326వ అధికరణం ఆస్తి, చదువు అన్నవి చూడకుండా వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు 25న మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. ఓటర్లు 17 కోట్లకి పైగా. వాళ్లలో ఎక్కువమందికి చదవడం రాదు. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం అక్షరాస్యత 18 శాతం చుట్టూనే ఉంది. ఏజెన్సీలో పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. పదేళ్ల తర్వాత 1961లో కూడా దేశంలో ఎస్టీల అక్షరాస్యత 8.53 శాతమే.

మొదటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దీనికి ఒక దారి కనిపెట్టారు. అభ్యర్థికి ఒక పెట్టె. పెట్టె మీద గుర్తు బొమ్మ. ఓటరుకి ఇచ్చే బ్యాలెట్ కాగితం మీద పేర్లు ఉండవు, దాన్ని తనకి నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేస్తే చాలు. వేలికి చెరగని సిరా. చదువు రాని మనిషి ఎవరి సాయం లేకుండా ఓటేయడానికి ఇది మంచి ఏర్పాటే, అందులో సందేహం లేదు.

అదే ఎన్నికల్లో ఇంకో సంగతి జరిగింది. ఉత్తరాదిలో లక్షలమంది ఆడవాళ్లు తమ సొంత పేరు చెప్పలేదు. "ఫలానా వాడి భార్య", "ఫలానా వాడి తల్లి" అని రాయించుకున్నారు. దాదాపు 28 లక్షల పేర్లు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. తర్వాత ఎన్నికల నాటికి ప్రచారం చేసి, ఇంటింటికీ తిరిగి చాలావరకు సరిచేశారు. అంటే ప్రభుత్వం తలుచుకుని మనుషుల్ని పంపిస్తే, "తెలియనితనం" అనుకున్నది ఐదేళ్లలో చాలావరకు పోతుంది. ఈ పాఠం గుర్తుపెట్టుకోండి.

గుర్తుతో ఒక చిక్కు మాత్రం ఉంది. గుర్తు ఓటు ఎలా వేయాలో చెప్తుంది, ఎందుకు వేయాలో చెప్పదు. అభ్యర్థి ఎవరు, ఎవరి భూమి తిన్నాడు, ఎవరి తరఫున నిలబడ్డాడు అన్నది పెట్టె మీద ఉండదు. అది మనుషుల నోటి ద్వారా రావాలి. మరి ఏజెన్సీలో ఆ నోళ్లు ఎవరివి? శిస్తు వసూలు చేసే ముఠాదారు. సంతలో ఉప్పు, బట్ట అమ్మి చింతపండు, అడ్డాకులు కొనే సావుకారు. ఫారెస్టు గార్డు. ముఠాదారీ పద్ధతిని చట్టంగా రద్దు చేసింది 1969లో గానీ కాదు. అంటే మొదటి నాలుగు సార్వత్రిక ఎన్నికల్లో ముఠాల గ్రామాలకి ఓటు కబురు మోసుకొచ్చిన మనుషుల్లో, అప్పు ఇచ్చేవాళ్లూ శిస్తు వసూలు చేసేవాళ్లూ ఉన్నారు. అప్పు వచ్చిన దారిలోనే కబురు వచ్చింది. ఆ కబురులో ఎంత నిజం కలిపారో, ఎంత దాచారో వేరే చెప్పక్కర్లేదు.

పార్వతీపురం, 1957

ఇప్పుడు అసలు కథ. మన పిల్లల్లో చాలామందికి ఇది తెలీదు. పాఠ్యపుస్తకాల్లో కనపడదు.

మొదటి రెండు ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాలు ద్విసభ్య నియోజకవర్గాలు. అంటే ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎంపీలు, ఒకటి జనరల్ సీటు, ఒకటి ఎస్సీ లేదా ఎస్టీ సీటు. 1957లో లోక్‌సభకి అలాంటివి 91 ఉన్నాయి. ఓటరుకి రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. లెక్కింపు ఇలా: రిజర్వుడు అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకి రిజర్వుడు సీటు. తర్వాత మిగిలిన అందరిలో, ఏ కులం తెగ అని చూడకుండా, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకి రెండో సీటు.

పార్వతీపురం అలాంటి స్థానం. 1957లో నలుగురు పోటీ చేశారు. జనరల్ అభ్యర్థుల్లో ఒకరు వి.వి. గిరి. మామూలు మనిషి కాదు. కార్మిక నాయకుడు, అంతకుముందు కేంద్ర కార్మిక మంత్రి, 1952లో పాతపట్నం నుంచి గెలిచినవాడు, కాంగ్రెస్ అభ్యర్థి. ఇంకో జనరల్ అభ్యర్థి కృష్ణమూర్తి నాయుడు. ఎస్టీ అభ్యర్థులు ఇద్దరు: బిద్దిక సత్యనారాయణ, దిప్పల సూరిదొర.

ఓట్లు లెక్కపెడితే మొదటి స్థానం సత్యనారాయణ, రెండో స్థానం సూరిదొర. గిరి మూడో స్థానం. సూరిదొరకీ గిరికీ తేడా ఆరు వందల లోపే. రిజర్వుడు సీటు సత్యనారాయణకి వెళ్లింది, జనరల్ సీటు సూరిదొరకి వెళ్లింది. తర్వాత పన్నెండేళ్లకి ఈ దేశానికి రాష్ట్రపతి అయిన మనిషిని, జనరల్ సీటులో ఒక ఆదివాసీ ఓడించాడన్నమాట.

దీన్ని "రెండు ఓట్ల సంగతి అర్థం కాక ఓటర్లు తికమకపడ్డారు" అని తేల్చేయడం చాలా తేలిక. కానీ కొంచెం లెక్క వేయండి. ప్రతి ఓటరూ ఒక ఓటు జనరల్ వాళ్లకీ ఒక ఓటు ఎస్టీ వాళ్లకీ వేస్తే రెండు వైపులా మొత్తం ఓట్లు సమానంగా రావాలి. ఇక్కడ ఇద్దరు ఎస్టీ అభ్యర్థులూ ఇద్దరు జనరల్ అభ్యర్థుల కంటే పైన ఉన్నారు. అంటే కొంతమంది రెండు ఓట్లూ ఎస్టీ అభ్యర్థులకే వేసి ఉండాలి, లేదా జనరల్ అభ్యర్థికి వేయాల్సిన ఓటు వేయకుండా వదిలేసి ఉండాలి. రెండు కాగితాలు తీసుకుని రెండు వేరు వేరు పెట్టెల్లో వేయడం తికమకపడ్డ మనిషి చేసే పని కాదు. పైగా ఆ నియోజకవర్గంలో మైదానం ఓటర్లు కూడా చాలామంది ఉన్నారు. ఒక్క కొండ ఓట్లతోనే లక్ష దాటి రావు. కాబట్టి "ఏజెన్సీ వాళ్లకి తెలీక" అనే మాట ఇక్కడ అతకదు.

గుర్తు బొమ్మ తప్ప వేరే కాగితం ముక్క చేతికి అందని రోజుల్లో వచ్చిన ఫలితం ఇది. పేపర్లలో పేరు ఉన్న నాయకుడి కంటే తమకి తెలిసిన దొర పేరు వాళ్లకి ఎక్కువ చెప్పింది. దాన్ని అజ్ఞానం అనడానికి నాకు నోరు రాదు.

కోర్టులో సూరిదొర

గిరి ఊరుకోలేదు, ఎన్నికల పిటిషన్ వేశారు. ఆయన వాదనలు రెండు. ఒకటి, రిజర్వుడు సీటుకి డిక్లరేషన్ ఇచ్చిన మనిషి జనరల్ సీటుకి ఎన్నికవడం చెల్లదు. రెండోది ఇంకా పెద్దది. సూరిదొర అసలు ఎస్టీ కాడు, ముఖదొరగా పుట్టినా తర్వాత క్షత్రియుడిగా మారిపోయాడు, దస్తావేజుల్లో క్షత్రియ అని రాయించుకున్నాడు అని.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో మెజారిటీ తీర్పు గిరికి వ్యతిరేకంగా వచ్చింది. కాగితాల్లో క్షత్రియ అని రాసుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదని, ఎస్టీ అభ్యర్థి ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే జనరల్ సీటుకి కూడా హక్కుదారే అని తేలింది. ఇది ఈరోజుకీ మనకి అక్కరకొచ్చే సూత్రం: రిజర్వేషన్ మనకి కనీస హద్దు, అక్కడితో ఆగిపోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఏ జనరల్ సీటులోనైనా నిలబడే హక్కు మనకి ఉంది.

తీర్పు వచ్చిన రెండేళ్లకే, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలని రద్దు చేస్తూ చట్టం చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవి, ఖర్చు ఎక్కువ, నిర్వహణ కష్టం అన్న కారణాలు ఉన్నాయి, అందులో నిజమూ ఉంది. కానీ దాంతో పార్వతీపురం లాంటి ఫలితం మళ్లీ వచ్చే వీలు కూడా పోయింది. ఎస్టీ సీట్లు విడిగా గీసేశారు. ఓటరు చేతిలో ఉన్న రెండో ఓటు పోయింది. 1962 నాటికి పెట్టెల పద్ధతి కూడా పోయి, గుర్తుల పక్కన ముద్ర వేసే బ్యాలెట్ వచ్చింది.

గెలిచాక ఏమైందో ఎవరు చెప్పారు?

ఇక్కడ మనం మన వైపు కూడా నిజాయితీగా చూసుకోవాలి. 1957లో ఇద్దరు ఆదివాసీ ఎంపీలని ఢిల్లీకి పంపిన అదే పార్వతీపురం కొండల్లో, పదేళ్ల తర్వాత 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు ఆదివాసీలు భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళ ఉద్యమం అక్కడి నుంచే రగిలింది. పాలు, భూమి, అప్పు, వెట్టి, ఏ సమస్యా ఓటుతో తీరలేదు. గిరిజనేతరులకి భూమి బదిలీ కాకుండా గట్టిగా ఆపిన 1970 నాటి 1/70 నిబంధన ఆ ఉద్యమం నడుస్తున్న రోజుల్లోనే వచ్చింది.

అంటే మనవాడిని గుర్తుపట్టి ఓటేయడం ఒక సంగతి. గెలిచినవాడు సభలో ఏం మాట్లాడాడు, దేనికి చెయ్యెత్తాడు, దేనికి మౌనంగా కూర్చున్నాడు అన్న కబురు తిరిగి కొండెక్కడం ఇంకో సంగతి. మొదటిది మన పెద్దలు ఉన్నంతలో చేసుకున్నారు. రెండో కబురు మోసుకొచ్చే మనుషులు, ఆ దారి అప్పట్లో మనకి లేదు. ఐదేళ్లకోసారి ఓటు అడగడానికి వచ్చే జీపు ఎక్కుతుంది, ఐదేళ్ల లెక్క మాత్రం ఎక్కదు.

అఫిడవిట్ వచ్చింది, ఎక్కడికి వచ్చింది?

2002 మే 2న సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. అభ్యర్థి మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కు అని, అది వాక్ స్వాతంత్ర్యంలో భాగమని చెప్పింది. పార్టీలన్నీ కలిసి దాన్ని నీరుగార్చేలా చట్టాన్ని సవరించాయి. 2003 మార్చిలో కోర్టు ఆ సవరణని కొట్టేసింది. అప్పటి నుంచి ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాల్సిందే. 2013లో ఖాళీ గడులు వదిలేస్తే నామినేషన్ తిరస్కరించొచ్చని ఇంకో తీర్పు. అదే ఏడాది సెప్టెంబరు 27న నోటా తీర్పు. 2018లో క్రిమినల్ కేసుల సంగతి పేపర్లలో, టీవీల్లో ప్రకటించాలన్న తీర్పు.

కాగితం మీద చూస్తే ఓటరుకి ఇంత సమాచారం ఇచ్చే దేశాలు తక్కువ. ఇప్పుడు ఆ కాగితం మన ఊరు దాకా ఎలా వస్తుందో చూద్దాం.

అఫిడవిట్ కాపీ రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు మీద పెడతారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో, యాప్‌లో పెడతారు. అరకు పార్లమెంటు నియోజకవర్గం పాలకొండ నుంచి రంపచోడవరం దాకా ఉంది. ఏడు అసెంబ్లీ స్థానాలు, పాత లెక్కలో నాలుగు జిల్లాలు. ఒక నోటీసు బోర్డు చూడ్డానికి ఎంతమంది రాగలరు? నెట్ చూద్దామంటే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లు మనకి ఇంకా ఉన్నాయి. తెరిచినా చాలా అఫిడవిట్లు స్కాన్ కాపీలు, చాలావరకు ఇంగ్లీషు, అందులోనూ కోర్టు ఇంగ్లీషు. తెలుగులో ఉన్నా కువి, సవర, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అమ్మమ్మకి అది రెండో భాషే.

ఇక టైము. చట్టం ప్రకారం నామినేషన్ల ఉపసంహరణకీ పోలింగ్‌కీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపసంహరణ ఆఖరు రోజు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. సరిగ్గా 14 రోజులు. ఆఖరి 48 గంటలు ప్రచారం బంద్. మిగిలింది 12 రోజులు. బరిలో ఎవరున్నారో ఖరారయ్యాక, అంత పెద్ద కొండ నియోజకవర్గంలో, ఎండాకాలంలో, 12 రోజులు. పోలింగ్ రోజు కూడా మన ఏజెన్సీ స్థానాల్లో సాయంత్రం 4, 5 గంటలకే ముగించేశారు, మైదానంలో 6 దాకా ఉంది. సమాచారానికీ తక్కువ టైము, ఓటుకీ తక్కువ టైము. ఇదంతా అయ్యాక "వాళ్లకి తెలీదు" అంటారు.

ఓటేసిన నెలకి మారిపోయిన రాష్ట్రం

ఒక్కోసారి ఎంత చదువుకున్న ఓటరు కూడా తెలుసుకోలేని పరిస్థితి సృష్టిస్తారు. దీనికి 2014 కంటే పెద్ద ఉదాహరణ లేదు.

2014 ఏప్రిల్ 30న ఖమ్మం జిల్లా ఏజెన్సీ ఓటర్లు భద్రాచలం, పినపాక, అశ్వారావుపేట అసెంబ్లీ స్థానాలకి ఓటేశారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల కోయ, కొండరెడ్డి ఓటర్లు కూడా అందులో ఉన్నారు. తెలంగాణ వస్తోందని తెలుసు. పోలవరం ముంపు కింద కొన్ని గ్రామాలు ఆంధ్రలోకి వెళ్తాయని విభజన చట్టంలో ఉంది. ఫలితాలు మే 16న వచ్చాయి. మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది: ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లోకి. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

దాని అర్థం ఏంటో చూడండి. వాళ్లు ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యేలు తెలంగాణ అసెంబ్లీలో. వాళ్ల రేషను, పింఛను, భూమి, పునరావాసం ఆంధ్ర ప్రభుత్వం చేతిలో. ఆంధ్ర అసెంబ్లీకి వాళ్లు ఎమ్మెల్యేని ఎన్నుకున్నది 2019లో, నాలుగు మండలాలు రంపచోడవరంలో, రెండు పోలవరంలో కలిశాక. మునిగేది వాళ్ల ఊళ్లు, ముంపు గురించి అడగాల్సిన సభలో ఐదేళ్లు వాళ్లు ఎన్నుకున్న గొంతు లేదు. ఏ అభ్యర్థి అఫిడవిట్ చదివితే ఈ సంగతి తెలిసేది? ఏ మేనిఫెస్టోలో ఉంది? అసలు విషయం ఓటు పడ్డాక బయటికొస్తే, ఓటరు ఎంత తెలివైనవాడైతే మాత్రం ఏం చేస్తాడు?

మళ్లీ నోటా దగ్గరికి

ఇప్పుడు అరకు 50 వేల నోటా ఓట్లు చూడండి. ఒక వర్గం "ఆఖరి బటన్ అని తెలీక నొక్కేశారు" అంటుంది. ఇంకో వర్గం "అదంతా ఆదివాసీ నిరసన" అంటుంది. సంఖ్య ఒక్కటే చూసి కారణం చెప్పలేం. కానీ ఒకటి గమనించండి. మొదటి మాట నిజమైతే, ఓటింగ్ యంత్రం మీద ఉన్నది ఏంటో 50 వేల మందికి వాళ్ల భాషలో ఎవరూ చూపించలేదని అర్థం. రెండో మాట నిజమైతే, ఉన్న అభ్యర్థుల గురించి తెలిసే వద్దనుకున్నారని అర్థం. ఏ రకంగా చూసినా వేలు ఓటరు వైపు చూపించడానికి కుదరదు. 1957లో చెప్పుకోగలిగిన "తికమక" కథే 2024లో కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది.

మనం చేయగలిగింది

1961లో 8.53 శాతం ఉన్న ఎస్టీ అక్షరాస్యత 2011కి దేశవ్యాప్తంగా 59 శాతానికి వచ్చింది. ఇప్పుడు ప్రతి గూడెంలో డిగ్రీ చదివే పిల్లలు ఒకరిద్దరైనా ఉన్నారు. ముఠాదారు, సావుకారు మోసిన కబురుని ఇప్పుడు మనం మోయగలం. కొన్ని సూటి పనులు చెప్తాను.

ఎన్నికలు వచ్చినప్పుడు మన నియోజకవర్గం అభ్యర్థుల అఫిడవిట్లు డౌన్‌లోడ్ చేసి, కేసులు, భూములు, అప్పులు, ఈ మూడూ ఒక పేజీలో తెలుగులో రాసి, ఊళ్లో మన భాషలో చదివి వినిపించాలి. ఎవరికి ఓటేయాలో చెప్పొద్దు. అఫిడవిట్‌లో ఉన్నది ఉన్నట్టు చదవండి, ఒక పార్టీది చదివి ఇంకోటి దాచొద్దు. ఒకసారి దాచామని తెలిస్తే మన మాటకీ సావుకారు మాటకీ తేడా ఉండదు. భాష సంగతికొస్తే, 1940ల్లోనే ఆదిలాబాద్ మార్లవాయిలో గోండి భాషలో వాచకాలు తయారుచేసి పిల్లలకి చదువు చెప్పారు. ఎనభై ఏళ్ల క్రితం అది సాధ్యమైతే, చేతిలో ఫోన్ ఉన్న మనకి ఒక పేజీ కువిలోనో కోయలోనో రికార్డు చేసి పంపడం కష్టమేం కాదు.

ఎన్నికలు లేనప్పుడు చేయాల్సిన పని ఇంకా ముఖ్యం. అయిదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలి ఉంటుంది. గరిష్ఠంగా 20 మంది, అందులో దాదాపు నాలుగింట మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. షెడ్యూల్డ్ ప్రాంతానికి గవర్నర్ కొత్త నిబంధన తేవాలంటే ఈ మండలిని సంప్రదించాలి. మరి మన ఎమ్మెల్యే అందులో సభ్యుడా? ఎన్ని సమావేశాలకి వెళ్లారు? ఏం అడిగారు? మినిట్స్ కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు.

అలాగే హామీలని తూకం వేయడం నేర్చుకోవాలి. జీవో 3 సంగతి మన డీఎస్సీ అభ్యర్థులందరికీ తెలుసు. ఏజెన్సీ టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న ఆ జీవోని 2020 ఏప్రిల్ 22న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఇప్పుడు ఎవరైనా వేదిక ఎక్కి "జీవో 3 తిరిగి తెస్తాం" అంటే చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి. "అయ్యా, అయిదుగురు జడ్జీలు కొట్టేసిన దాన్ని ఏ దారిలో తెస్తారు? కొత్త చట్టమా, గవర్నర్ నిబంధనా, రాజ్యాంగ సవరణా? అందులో మీ చేతిలో ఉన్నది ఎంత, ఢిల్లీ చేతిలో ఉన్నది ఎంత?" జవాబు చెప్పగలిగినవాడికీ, నవ్వి దాటేసినవాడికీ తేడా ఊరు మొత్తం చూస్తుంది. అభ్యర్థి గురించి అంతకు మించిన సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

ఇక ఎవరైనా మళ్లీ "ఏజెన్సీ వాళ్లకి ఏం తెలుసు" అంటే, గొడవ పెట్టుకోకండి. పార్వతీపురం 1957 కథ చెప్పండి. రెండు కాగితాలు, నాలుగు పెట్టెలు, అక్షరం రాని ఓటర్లు, గెలిచిన సూరిదొర. తర్వాత మెల్లగా అడగండి: "మీ నియోజకవర్గం అభ్యర్థి అఫిడవిట్ మీరు చదివారా?" అని.

 మీ నియోజకవర్గం నుంచి గిరిజన సలహా మండలిలో ఎవరున్నారో తెలిసినవాళ్లు కింద రాయండి, జాబితా చేద్దాం.